పంచదార వేయకుండా చేసిన టమాటా సాస్ తొమ్మిదో రోజుకే బూజు పట్టింది, ఎక్కడ పొరపాటు?

పోపులపెట్టె
మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పదకొండు, చిన్నదానికి ఏడు. దోసెకి సాస్, చపాతీకి సాస్, ఆఖరికి పెరుగన్నంలో నంజుకోవడానికి కూడా సాస్. మొన్న మా వారికి రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర లెక్క) 6.1 వచ్చింది. మందులు అక్కరలేదు, తీపి తగ్గించండి అన్నారు డాక్టరుగారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా వెనక్కి తిప్పి చదువుతున్నాను. సాస్ సీసా మీద నూరు గ్రాములకి చక్కెరలు 27 గ్రాములు అని ఉంది. నాలుగో వంతు పంచదారే!

ఇంట్లోనే చేద్దామని రెండు కిలోల టమాటాలు తెచ్చాను. ముందు రోజు రాత్రే ముక్కలు కోసి పెట్టుకుని, పొద్దున్న ఉడికించి, మిక్సీ పట్టి, వడగట్టి, ఉప్పు, కారం, రెండు చెంచాల వెనిగర్ వేసి దగ్గరపడేదాకా మరిగించాను. పంచదార ఒక్క పలుకు కూడా వేయలేదు. పిల్లలు ఒకసారి నాకి చూసి "అమ్మా, ఇది చారు" అన్నారు. పళ్లెంలో వేస్తే చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. తొమ్మిదో రోజు మూత తీస్తే పైన తెల్లగా బూజు. గ్యాసూ దండగ, టమాటాలూ దండగ.

పంచదార తగ్గాలి, పిల్లలు తినాలి, మూడు వారాలైనా నిలవ ఉండాలి. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి. పంచదారకి బదులు బెల్లం వేస్తే ఫరవాలేదా?

గోంగూరభక్తుడు
పెరుగన్నంలో సాస్ అన్న మాట చదివి ఫోను కాసేపు పక్కన పెట్టేశాను. ఆవకాయ జాడీ ఉన్న రాష్ట్రంలోనే జరుగుతోందా ఇది?

సేంద్రియ_సుధ
బెల్లం నిశ్చింతగా వేయండి. ఇనుము ఉంటుంది, పైగా రసాయనాలతో తెల్లబరచింది కాదు. నేను కిలో టమాటాలకి నూరు గ్రాముల నల్లబెల్లం వేస్తాను. కొంచెం నల్లగా వస్తుంది కానీ ఆరోగ్యం. తీపి ఇంకా సహజంగా కావాలంటే ఖర్జూరం నానబెట్టి రుబ్బి కలపండి, అప్పుడు పంచదార సున్నా.

తీపి_వద్దు
సుధగారూ, నాకు చక్కెర వ్యాధి వచ్చి పన్నెండేళ్లు. బెల్లం ఆరోగ్యమని నమ్మి మొదటి రెండేళ్లు కాఫీలో, పాయసంలో బెల్లమే వాడాను. పరీక్ష చేయించిన ప్రతిసారీ అంకెలు పైకే వెళ్లాయి. బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది పంచదారలో ఉండే సుక్రోజే. ఖర్జూరంలో కూడా గుజ్జు బరువులో మూడింట రెండు వంతుల దాకా చక్కెరలే. ఆరు ఖర్జూరాలు రుబ్బి వేసి "పంచదార సున్నా" అంటే, సంచి మార్చి అదే బియ్యం మోసినట్టు.

సేంద్రియ_సుధ
ఖర్జూరంలో పీచు ఉంటుంది కదండీ. పంచదారలో అదైనా ఉందా?

తీపి_వద్దు
ఉంటుంది, కాదనను. సాస్ వడగట్టేటప్పుడు ఆ పీచులో చాలా భాగం జల్లెడలోనే మిగిలిపోతుంది కదా!

నాటుటమాటా
ఏ టమాటాలు వాడారు? అది ఎవరూ అడగలేదు. మాది మదనపల్లె దగ్గర. మా మార్కెట్టు నుంచి దూరప్రాంతాలకి వెళ్లేది గట్టిగా, కండగా ఉండే హైబ్రిడ్ కాయ. లారీలో నలగకూడదని పూర్తిగా పండకముందే కోస్తారు. నాటు కాయలో పులుపు, రసం ఎక్కువ, కండ తక్కువ. అచ్చంగా నాటుతో చేస్తే మరిగించి మరిగించి చెయ్యి నొప్పెడుతుంది. అచ్చంగా హైబ్రిడ్‌తో చేస్తే చిక్కగా వస్తుంది కానీ చప్పగా ఉంటుంది. సగం సగం వేసుకోండి. హైబ్రిడ్ కాయల్ని కొన్న రోజే వాడకుండా, రెండు మూడు రోజులు గంపలో బయటే ఉంచితే ఎర్రగా మాగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టారంటే రుచి అక్కడే ఆగిపోతుంది.

పోపులపెట్టె
అన్నీ హైబ్రిడ్ కాయలే. కొన్న రోజే కోశాను, ఇంకా నారింజ రంగు మీదే ఉన్నాయి. కోసిన ముక్కల్ని రాత్రంతా ఫ్రిజ్‌లోనే పెట్టాను. చెప్పినవన్నీ చేసినట్టున్నాను!

సైన్సుపంతులు
నీళ్లు ఎందుకు ఊరాయో అక్కడే దొరికింది. టమాటాలో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సాస్‌కి చిక్కదనం ఇచ్చేది అదే. కాయ కోయగానే, నలగ్గానే అందులోని ఎంజైములు మేల్కొని ఆ పెక్టిన్‌ను ముక్కలు చేయడం మొదలుపెడతాయి. మీరు వాటికి రాత్రంతా సమయం ఇచ్చారు. కర్మాగారాల్లో చిక్కటి గుజ్జు కావాలంటే నలిపిన వెంటనే 90 డిగ్రీల దాకా వేడి చేసి ఆ ఎంజైముల పని కట్టేస్తారు. ఇంట్లో అయితే ముందు గిన్నె పొయ్యి మీద పెట్టి బాగా వేడెక్కనిచ్చి, కోసిన ముక్కల్ని కోసినట్టే అందులో వేస్తూ పోండి. రెండు కిలోలూ కోసి కుప్ప పోసుకోకండి.

ఇక పంచదార సంగతి. సాస్‌లో అది చేసే పనులు మూడు. పులుపుని, ఉప్పుని సరిదిద్దుతుంది. నీటిని పట్టి ఉంచి ఒంటికి కాస్త బరువునిస్తుంది. బూజుకి, ఈస్ట్‌కి అందే నీటిని తగ్గిస్తుంది. మీరు పంచదార తీసేశారు, ఈ మూడు పనులకీ మరో మనిషిని పెట్టలేదు.

హాస్టల్_పక్షి
పంతులుగారు "ఒంటికి బరువు" అన్నది సాస్ గురించే కదా, నా గురించి అనుకున్నాను.

పెద్దమ్మ_డైరీ
1980ల్లో మా ఊళ్లో మహిళలకి జామ్, స్క్వాష్, సాస్ నిలవ చేయడం నేర్పే శిక్షణ పెట్టారు. ఆనాటి నోటు పుస్తకం ఇప్పటికీ ఉంది, పేజీల మీద టమాటా మరకలతో సహా. అందులో రాసుకున్న లెక్క: కిలో గుజ్జుకి పంచదార 75 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఉల్లిపాయ 50, అల్లం 10, వెల్లుల్లి 5, కారం 5, వెనిగర్ 25 మిల్లీలీటర్లు. గుజ్జు మూడో వంతుకి తగ్గేదాకా మరిగించాలి. ఎక్కువ కాలం నిలవ కావాలంటే చివర్లో సోడియం బెంజోయేట్ అనే నిలవ మందు.

ఉల్లి, అల్లం, వెల్లుల్లి, దాల్చినచెక్క, లవంగం గుజ్జులో కలిపేయకూడదు. పల్చటి తెల్లగుడ్డలో మూట కట్టి ఆ గుజ్జులో వేలాడదీయాలి. మధ్య మధ్య గరిటె వెనక భాగంతో మూటని గిన్నె అంచుకి అదిమితే ఎర్రటి నీళ్లలోకి గోధుమరంగు సారం దిగడం కనిపిస్తుంది. దించే ముందు మూటని పిండి తీసేయాలి. వేడిగా ఉంటుంది, చేత్తో ముట్టకుండా పట్టకారు వాడుకోవాలి తల్లీ. నా బొటనవేలి మీద 1986 నాటి మచ్చ ఇంకా ఉంది.

పంచదారలో మూడో వంతు మొదట్లో, మిగతాది చివర్లో వేయమనేవారు. ఉప్పు మాత్రం ఆఖరున, ముందు వేస్తే రంగు వెలిసిపోతుందని.

పోపులపెట్టె
పెద్దమ్మగారూ, ఈ మూట సంగతి మా అమ్మ కూడా ఎప్పుడో అన్నట్టు గుర్తు. 75 గ్రాములు పూర్తిగా వేయాలా? తగ్గిస్తే పాడవుతుందా?

పెద్దమ్మ_డైరీ
మేము ఏడాది నిలవ కోసం చేసేవాళ్లం. అప్పటికి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మీకు మూడు వారాలు చాలంటున్నారు, ఫ్రిజ్ ఉంది. నేను ఇప్పుడు మనవరాలి కోసం 20 గ్రాములకి మించి వేయడం లేదు.

గోంగూరభక్తుడు
నాదొక సందేహం. అసలు ఇంత అవస్థ ఎందుకు? టమాటా నిలవ పచ్చడి ఉంది. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి ఊరబెట్టి, పిండి, ఎండబెట్టి, ఆ ఊటలోనే చింతపండు నానేసి రుబ్బి, కారం, మెంతిపిండి కలిపి ఇంగువ పోపు పెడితే ఏడాది ఉంటుంది. పంచదార పలుకు ఉండదు. మా అమ్మమ్మ టమాటాని రామములగ అనేది, సాస్ అన్న మాట వినకుండానే తొంభై దాటింది.

తీపి_వద్దు
గోంగూరగారూ, నేనూ అదే దారి పట్టాను. తీపి మానేసి, రోజూ ఇడ్లీకీ దోసెకీ అన్నానికీ నిలవ పచ్చడే. ఏడాది తిరిగేసరికి రక్తపోటు వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి ఉప్పు 5 గ్రాములు మించకూడదని ఉంది, చక్కెర 25 గ్రాముల లోపే అని కూడా ఉంది. మనవాళ్లు రెండో వాక్యం చదివి మొదటిది వదిలేస్తారు. ఏడేళ్ల పిల్ల రోజుకి మూడు సార్లు సాస్ తిన్నట్టు నిలవ పచ్చడి తినగలదా, తినాలా?

గోంగూరభక్తుడు
ఉప్పు విషయం ఒప్పుకుంటున్నాను. అమ్మమ్మ విషయం ఒప్పుకోను.

డల్లాస్_వంటిల్లు
ఇక్కడ పంచదార కలపని కెచప్ కొట్లో దొరుకుతుంది. తీపి కోసం సుక్రలోజ్ వేస్తారు. మా వాడు ఒక్క ముద్దకే కనిపెట్టేశాడు, సీసా ఆర్నెల్లు ఫ్రిజ్ తలుపులో నిలబడి కూర్చుంది. తరవాత స్టీవియా వేసి ఇంట్లో చేశాను, మింగాక నాలుక వెనక చేదు తగులుతుంది. ఇప్పుడు చేస్తున్న పద్ధతి: రోమా టమాటాలు నిలువుగా రెండుగా చీల్చి, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలతో పాటు ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్‌లో నలభై నిమిషాలు కాలుస్తాను. అంచులు నల్లబడేదాకా ఉంచితే నీరు చాలా వరకు అక్కడే పోతుంది, తీపి పైకి వస్తుంది. తరవాత పొయ్యి మీద ఇరవై నిమిషాలు మరిగిస్తే చాలు. పంచదార ఒక చెంచా.

మరీ బద్ధకంగా ఉన్న రోజు టమాటా పేస్ట్ డబ్బా తీసి నీళ్లు, వెనిగర్, వెల్లుల్లి పొడి, దాల్చినచెక్క పొడి కలిపి పది నిమిషాలు ఉడికిస్తాను. అది తప్పేమీ కాదు. ఉప్పు కలిపిన డబ్బానా కాదా అని మాత్రం చూసుకోవాలి.

హాస్టల్_పక్షి
ఓవెన్ లేనివాళ్లు? నా దగ్గర ఉన్నది ఒక కుక్కరు, ఒక కరెంటు పొయ్యి, ఒక గరిటె. గరిటె కూడా పక్క గదివాడిది.

డల్లాస్_వంటిల్లు
పెనం మీద కాల్చుకో తమ్ముడూ, బోర్లించి, కదపకుండా. పెనం ఇనుముదైతే మాడకముందే తీసెయ్యి. సాస్ మరిగించడం మాత్రం ఇనుప మూకుడులో, అల్యూమినియం గిన్నెలో వద్దు. పులుపుకి లోహం దిగి రంగూ రుచీ చెడతాయి. మందపాటి స్టీలు గిన్నె చాలు.

పోపులపెట్టె
పంతులుగారూ, బూజు సంగతి చెప్పలేదు. రెండు చెంచాల వెనిగర్ వేశాను కదా, అయినా ఎందుకు పట్టింది?

సైన్సుపంతులు
ముందు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పండి. సీసా ఎక్కడ పెట్టారు? సీసాని ఎలా శుభ్రం చేశారు? సాస్ ఎలా తీసుకునేవారు?

పోపులపెట్టె
పొయ్యి పక్క గట్టు మీద పెట్టాను, కొట్లో సీసాలు బయటే ఉంటాయి కదా అని. సీసా కడిగి గుడ్డతో తుడిచాను. తీసుకోవడం... చిన్నది దోసె ముక్క నేరుగా సీసాలో ముంచుతుండగా ఒకసారి పట్టుకున్నాను. ఎన్నిసార్లు పట్టుకోలేదో తెలియదు.

గోంగూరభక్తుడు
కేసు తేలిపోయింది. నిందితురాలికి ఏడేళ్లు.

సైన్సుపంతులు
పాపని అనకండి. కొట్టు సీసా బయట నిలబడటానికి కారణం అందులో పంచదార, వెనిగర్, ఉప్పు, చాలా వాటిల్లో సీసా మీద ఐఎన్‌ఎస్ 211 అని రాసే సోడియం బెంజోయేట్, వాటికి తోడు మూత పడేదాకా చెయ్యి తగలని యంత్రాలు. అది కూడా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టమనే రాస్తారు, మనం చదవం.

ఒక పాత కథ చెబుతాను. అమెరికాలో 1906లో ఆహార శుద్ధి చట్టం వచ్చిన రోజుల్లో సాస్‌లలో బెంజోయేట్ ఉండాలా వద్దా అని పెద్ద రగడ నడిచింది. హైంజ్ కంపెనీ బెంజోయేట్ మానేసి అమ్మడం మొదలుపెట్టింది. దాని బదులు బాగా పండిన కాయలు, మరింత వెనిగర్, మరింత పంచదార వాడారు. అంటే ఈనాటి సాస్ తీపిలో కొంత భాగం నాలుక కోసం కాదు, నిలవ కోసం చేరింది. మీరు నిలవ బాధ్యతని ఫ్రిజ్‌కి అప్పగిస్తే ఆ భాగం పంచదార నిజంగానే అక్కరలేదు.

పులుపు మాత్రం తగ్గించకండి. టమాటా పులుపు కాయకి కాయకీ మారుతుంది. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. టమాటాలో సాధారణంగా 4.2కీ 4.9కీ మధ్య ఉంటుంది. 4.6 దాటితే, గాలి చొరకుండా మూసిన సీసాలో, బయటి వేడిలో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవి పెరిగే వీలుంది. అది బూజులా కంటికి కనబడదు. పిల్లలకి పుల్లగా ఉందని వెనిగర్ తగ్గించడం, పంచదార తగ్గించడం కన్నా ప్రమాదం. మన కొట్లలో దొరికే తెల్ల వెనిగర్ సుమారు 4 శాతం ఆమ్లం. రెండు కిలోల కాయలకి మూడు పెద్ద చెంచాలు, అంటే 45 మిల్లీలీటర్లు వేయండి. దించే ముందు వేయాలి, మొదట్లో వేస్తే ఆవిరితో పోతుంది.

పైన పట్టిన బూజు గీసేసి కింది సాస్ వాడేవాళ్లు ఉంటారు. వద్దు. పైకి కనబడేది కొంతే, దాని వేళ్లు లోపలికి దిగి ఉంటాయి. పారబోసి మంచి పని చేశారు.

చిల్లీగార్లిక్
బూజు నయం. నా సంగతి వినండి. కిందటేడు పంచదార తగ్గించి రెండు సీసాలు చేసి, గట్టిగా బిగించి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి అటక మీద పెట్టాను. పన్నెండు రోజుల తరవాత మా అత్తగారు వాళ్లు వచ్చారు. పకోడీలు వేసి, అటక మీది సీసా దించి, పదిమందిలో మూత తిప్పాను. తుస్సుమని లేచి మూత వెళ్లి ఫ్యానుకి తగిలింది. మా మావగారి తెల్ల లాల్చీ మీద ఇప్పటికీ గులాబీ రంగు మరకలు ఉన్నాయి. ఆయన ఒక్క మాట అనలేదు. తుడుచుకుంటూ "పులిసిందమ్మా" అన్నారు, అంతే.

హాస్టల్_పక్షి
పంచదార వేయకపోతే పులియడానికి ఏముంది అందులో?

సైన్సుపంతులు
టమాటాలోనే ఉంది బాబూ. నూరు గ్రాముల కాయలో రెండున్నర గ్రాముల పైచిలుకు చక్కెర సహజంగానే ఉంటుంది. ఈస్ట్‌కి అది చాలు, గ్యాసు పుట్టిస్తుంది. అందుకే "పంచదార లేని సాస్" అన్న మాటే సరికాదు. రెండు కిలోల కాయల్లో సుమారు 52 గ్రాములు ముందే ఉన్నాయి. అది ఆరు వందల గ్రాముల సాస్‌గా తగ్గితే నూరు గ్రాములకి 8, 9 గ్రాములు అవుతుంది, మనం చెంచా ముట్టుకోకపోయినా.

తీపి_వద్దు
ఇది నాకు కొత్త సంగతి. ఇన్నాళ్లూ నా సాస్ సున్నా అని లెక్క వేసుకుంటున్నాను.

సేంద్రియ_సుధ
అయితే బెల్లానికి నన్ను అంత తిట్టారేమిటి, టమాటాలోనే చక్కెర ఉందట!

తీపి_వద్దు
తిట్టలేదండీ, మీ మీద గౌరవం ఉంది. కిలో కాయలకి నూరు గ్రాముల బెల్లం అంటే మాత్రం మూడు వందల గ్రాముల సాస్‌లో నూరు గ్రాముల బెల్లం. కొట్టు సాసే నయం అవుతుంది.

సేంద్రియ_సుధ
లెక్క వేసి చూశాను. నిజమే. ఇన్నేళ్లుగా మా అబ్బాయికి బెల్లం పాకం పోస్తున్నానన్నమాట. నల్లబెల్లం రంగు చూసి ఆరోగ్యం అనుకున్నాను. ఈ వారం నుంచి నూరు కాస్తా పదిహేను చేస్తాను, వాడు ఏమంటాడో చూడాలి.

చిల్లీగార్లిక్
టమాటా సాస్ కన్నా పంచదార తేలిగ్గా మానేయగలిగింది ఎండుమిర్చి వెల్లుల్లి సాస్. రంగుకి బ్యాడిగి మిర్చి పది, కారానికి గుంటూరు మిర్చి నాలుగు, గింజలు దులిపి వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, పది వెల్లుల్లి రేకలు, ఉప్పు, వెనిగర్ వేసి మెత్తగా రుబ్బి, కొద్ది నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. తీపి అడగదు. నూడుల్స్‌కి, దోసె మీద రాయడానికి బాగుంటుంది.

సైన్సుపంతులు
దాన్ని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టండి. వెల్లుల్లి నూనెలో మునిగి బయట రోజుల తరబడి ఉండటం మంచిది కాదు, ఇందాక చెప్పిన బొటులిజం భయం అక్కడా ఉంది. వారం లోపల అయిపోయేంతే చేసుకోండి.

హాస్టల్_పక్షి
చాట్‌లో వేసే చింతపండు తీపి చట్నీకి కూడా పంచదార తగ్గించే ఉపాయం ఉందా?

పెద్దమ్మ_డైరీ
ఉంది నాయనా. తక్కువ వేసుకోవడం.

నాటుటమాటా
ఇంకొక మాట. టమాటా ధర పడిపోయినప్పుడు చేసుకోవాల్సిన పని ఇది. 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటింది, అప్పుడు కేజీ సాస్ కాదు, గిన్నెడు చారు పెట్టుకోవడానికే వెనకాడారు జనం. ఇంకో ఏడు చూస్తే కోత కూలి రాక రోడ్డు పక్కన పారబోసి వెళ్తారు మా వాళ్లు. చౌకగా ఉన్నప్పుడు గుజ్జు చేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుని, కావలసినప్పుడల్లా కొంచెం కొంచెంగా సాస్ చేసుకోండి. ఒకేసారి రెండు కిలోలు అక్కరలేదు.

డల్లాస్_వంటిల్లు
సాస్‌నే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించవచ్చు. ఒక్కో గడ్డ ఒక పెద్ద చెంచా. రాత్రి రెండు గడ్డలు తీసి గిన్నెలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దుటికి సిద్ధం. పిల్లలకి లెక్క కూడా తెలుస్తుంది. ఇవాళ్టికి రెండే, అంతే. సీసా చేతికిస్తే ఏ సాసూ తగ్గదు.

పోపులపెట్టె
ఈ ఆదివారం మళ్లీ చేస్తాను. ఇప్పటిదాకా అర్థమైనంత వరకు నా పథకం: కిలో నాటు, కిలో హైబ్రిడ్, మూడు రోజులు గంపలో మాగబెట్టి. కోసినవి కోసినట్టే వేడి గిన్నెలోకి. మూట. చివర్లో ఉప్పు, 30 గ్రాముల పంచదార, వెనిగర్. ఒక క్యారెట్ వేస్తే తీపి వస్తుందా?

పెద్దమ్మ_డైరీ
వస్తుంది, చిక్కదనమూ వస్తుంది. ఒక్కటే వెయ్యి, రెండు వేస్తే క్యారెట్ వాసన బయటపడుతుంది. దించాలా వద్దా తెలియాలంటే చల్లటి స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, వేలితో మధ్యలో గీత గియ్యి. గీత పూడకూడదు, చుట్టూ నీటి అంచు ఊరకూడదు. అప్పటిదాకా మరగాలి. చిందుతుంది, సగం మూత వాలుగా పెట్టుకో. సీసాలు నీళ్లలో పది నిమిషాలు మరిగించి బోర్లించి ఆరబెట్టు, గుడ్డతో లోపల తుడవకు.

(నాలుగు రోజుల తరవాత)

పోపులపెట్టె
చేశాను. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే ఐదు అయింది. మొదటి గంటన్నర ఏమీ మారనట్టే ఉంది, గరిటె తిప్పితే ఎర్రనీళ్లే. ఆ తరవాత చప్పుడు మారింది. కుతకుతలాడే శబ్దం పోయి "బ్లప్ బ్లప్" అని లావు బుడగలు వచ్చి చిందడం మొదలైంది. మోచేతి మీద రెండు చుక్కలు పడ్డాయి, గోడ మీద పదకొండు, లెక్కపెట్టాను. పళ్లెం పరీక్షలో మూడోసారికి నెగ్గాను. తూకం వేస్తే 620 గ్రాములు వచ్చింది. రంగు మాత్రం కొట్టు సాస్‌లా మెరవలేదు, ఇటుక రంగు.

సగం చిన్న సీసాలో ఫ్రిజ్‌లో, సగం ఐసు ట్రేలో.

సైన్సుపంతులు
కాయల్లోవి 52, క్యారెట్ ఒకటి అంటే 5, ఉల్లి నుంచి కొంత, మీ పంచదార 30. మొత్తం 88, 89 అనుకోండి. 620తో భాగిస్తే నూరు గ్రాములకి సుమారు 14. కొట్టు సీసాలో 27 అన్నారు కదా, సగానికి వచ్చారు. ఆ సగంలోనూ మీరు కలిపింది సుమారు ఐదు గ్రాములే.

తీపి_వద్దు
మీ వారు తిన్నారా?

పోపులపెట్టె
ఆయనదే గొడవ. పెసరట్టులోకి గిన్నెడు వేసుకుని, "తీపి తగ్గించావు కదా" అని రెండోసారి వడ్డించుకున్నారు. ఐసు గడ్డల లెక్క పిల్లల కన్నా ముందు ఆయనకి పెట్టాలి.

పెద్దవాడు "ఇది సాస్ కాదు, కానీ సమోసాలోకి బాగుంది" అన్నాడు. చిన్నది మొదటి రోజు ముట్టలేదు. రెండో రోజు పాత కొట్టు సాస్ ఖాళీ సీసాని కడిగి, మరిగించి, అందులో ఇది పోసి పెట్టాను. తినేసింది.

గోంగూరభక్తుడు
అమ్మా, ఇది చీటింగు కేసు. ఈసారి నిందితురాలు మారింది.

సేంద్రియ_సుధ
మా అబ్బాయి పదిహేను గ్రాముల బెల్లానికి ఒప్పుకోలేదు. ముప్ఫై దగ్గర రాజీ కుదిరింది. వచ్చే నెల మళ్లీ మాట్లాడుకుంటామని ఒప్పందం.

హాస్టల్_పక్షి
కరెంటు పొయ్యి మీద అరకిలో చేశాను. పక్క గదివాడు గరిటె అడిగి తీసుకెళ్తూ సాస్ కూడా తీసుకెళ్లాడు. నిలవ సమస్య తీరిపోయింది.

చిల్లీగార్లిక్
పోపులపెట్టె గారూ, మూటలో దాల్చినచెక్క ఎంత వేశారు? నాకు ప్రతిసారీ బిర్యానీ వాసన వస్తోంది.

పోపులపెట్టె
చిటికెన వేలి సగం అంత ముక్క ఒకటి, లవంగాలు మూడు, మిరియాలు ఆరు. పెద్దమ్మగారి లెక్క కాదు, మా డబ్బాలో మిగిలినవి అవే.